అనంతపురం ధైర్యం అరిజోనాలో చెల్లదు

"ఎండ మనకు కొత్తా?" ఫీనిక్స్‌లో ఉద్యోగం వచ్చిందనగానే సీమవాళ్ళ నోట మొదట వచ్చే మాట ఇదే. న్యూజెర్సీలో ఉంటున్న మా చిన్నాన్న కొడుకూ మొన్న ఫోన్ చేసి ఇదే అన్నాడు. ఉత్తర ఫీనిక్స్‌లో ఆఫర్ వచ్చింది. జీతం పెరుగుతుంది, అద్దె తగ్గుతుంది, రాష్ట్ర ఆదాయపన్ను అందరికీ ఒకటే రేటు, రెండున్నర శాతం. మంచు తవ్వుకునే పని తప్పుతుంది. "అనంతపురంలో పుట్టినోళ్ళను ఎండ అని బెదిరిస్తావేంది అక్కా" అని నవ్వాడు కూడా.

నేనూ ఇలాంటి ఆఫర్ మీదే డాలస్ నుంచి చాండ్లర్ వచ్చాను. ఫీనిక్స్‌ను ఆనుకొని ఆగ్నేయాన ఉంటుంది ఈ ఊరు. కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఊరు నాకు నచ్చింది, వదిలే ఉద్దేశం లేదు. రావద్దని ఎవరికీ చెప్పను. ఈ "మనకు కొత్తా" అనే ధైర్యాన్ని నమ్ముకొని మాత్రం రావద్దంటాను.

ఎందుకంటే ఎండను ఓర్చుకున్నది మనమని అనుకుంటాం గానీ, మన వంతు ఓర్చుకున్నది మన ఊళ్ళు. మార్చి సగానికే ఒంటిపూట బడులు. ఏప్రిల్ చివర్లో సెలవులు. పదకొండు దాటితే పొలంలో మనిషి ఉండడు, మధ్యాహ్నం అంగడి షట్టరు సగం దించి లోపల ఓ కునుకు తీస్తారు, బస్టాండు దగ్గర చలివేంద్రం వెలుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని అందరికీ తెలుసు కాబట్టి, ఆ రెండు వారాలు ఎవరూ ఎవరినీ పనికి తొందరపెట్టరు. ఊరంతా కలిసి ఎండకు దారి ఇస్తుంది. మృగశిర ప్రవేశించిందంటే గాలి మారుతుంది, ఆ ఆశ మీద మే నెల గడిచిపోతుంది.

ఫీనిక్స్‌లో ఆ ఏర్పాటేదీ లేదు. ఇక్కడి ఆఫీసుల పనివేళలు, డెడ్‌లైన్లు, స్ప్రింటులు అన్నీ మంచు దేశపు లెక్కలో నడుస్తాయి. జూలై మధ్యాహ్నం మూడింటికి రివ్యూ మీటింగ్ ఉంటే ఉంటుంది. అన్నిటికంటే వింత బడులు. చాండ్లర్‌లో వేసవి సెలవులు మే చివర్లో మొదలై, జూలై నాలుగో వారానికల్లా అయిపోతాయి. అంటే మన దగ్గర పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టే ఎండలో ఇక్కడ బస్సు కోసం నిలబెడతారు. బదులుగా అక్టోబరులో రెండు వారాల సెలవిస్తారు, అప్పటికి ఎండ తగ్గుముఖం పట్టి ఉంటుంది, పారిపోవాల్సిన అవసరం అంతగా ఉండదు. ఈ క్యాలెండరును ఎవరు కూర్చారో గానీ ఎండలో తిరిగినవాళ్ళు కాదు.

ఇక ఎండ సంగతి. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గలేదు. మన లెక్కలో 43. అనంతపురంలో మే నెలలో 43 చూసినవాళ్ళమే కదా అంటారు. చూశాం, ఓ వారం చూశాం. మరుసటి ఏడు 2024లో 100 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, ఒక్క రోజు కూడా విడవకుండా 113 రోజులు నడిచింది. మే 27న మొదలై సెప్టెంబరు 16 దాకా. రోహిణి కార్తెలో మొదలైన ఎండ వినాయక చవితి వెళ్ళిపోయి నిమజ్జనాలయ్యే దాకా ఉందన్నమాట. మధ్యలో మృగశిర వచ్చింది, ఆర్ద్ర వచ్చింది, ఏ కార్తె వచ్చినా ఎండ మాత్రం కదల్లేదు.

పగటి ఎండ కంటే రాత్రి గురించే నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. మా ఇంట్లో చిన్నప్పుడు మేడ మీద నీళ్ళు చల్లి పరుపులు పరిచేవాళ్ళం, రెండు మూడు గంటలప్పుడు దుప్పటి లాక్కునేవాళ్ళం. రాయలసీమ ఎండ పొడిది కాబట్టి రాత్రికి దిగిపోతుంది. ఎడారి కూడా అంతే, నిజమైన ఎడారైతే. కానీ ఫీనిక్స్ ఎడారి మీద పరిచిన కాంక్రీటు. పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతుంది. 2023 జూలై 19న ఇక్కడ కనిష్ఠ ఉష్ణోగ్రత 97 డిగ్రీలు. గరిష్ఠం కాదు, కనిష్ఠం. తెల్లవారుజామున, ఇరవైనాలుగు గంటల్లో అన్నిటికంటే చల్లని క్షణంలో, 36 సెల్సియస్. రాత్రి పదింటికి పడమటి గోడ మీద చెయ్యి పెడితే వెంటనే తీసేస్తారు. కుళాయిలో చన్నీళ్ళ వైపు తిప్పితే వేడినీళ్ళొస్తాయి, అవి చల్లబడే దాకా ఆగుదామంటే ఎంతసేపు ఆగినా గోరువెచ్చగానే ఉంటాయి. కారు సీటుబెల్టు బకిల్ చుర్రుమంటుంది, అందుకే ఇక్కడి తల్లులు పిల్లల కారు సీటు మీద తడి తువ్వాలో దుప్పటో కప్పి ఉంచుతారు. తారురోడ్డు పైన వేడి 70 సెల్సియస్ దాటుతుంది. అలాంటి చోట కాలు జారి పడి లేవలేని ముసలివాళ్ళు కాలిన గాయాలతో ఆసుపత్రిలో చేరుతుంటారు. గుడి బయట చెప్పులు వదిలి మెట్లదాకా నడవడానికి కూడా ఇక్కడ వేళ చూసుకోవాలి.

"పొడి ఎండే కదా, ఉక్క ఉండదు" అనే ఓదార్పు కూడా వింటారు. నిజమే, విజయవాడ ఉక్క ఉండదు. చెమట పట్టిందని తెలిసేలోపే ఆరిపోతుంది. ఆ తెలియకపోవడమే ప్రమాదం, దాహమయ్యేసరికి ఒంట్లో నీళ్ళు ఎప్పుడో తగ్గిపోయి ఉంటాయి. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) 2023లో ఎండకు 645 మంది చనిపోయారు. ఎక్కువమంది వీధుల్లో బతికేవాళ్ళు, ముసలివాళ్ళు. ఇంటి లోపల పోయినవాళ్ళ విషయంలో మాత్రం ఒక సంగతి గమనించాలి. వాళ్ళలో చాలామంది ఇళ్ళలో ఏసీ ఉంది. పనిచెయ్యలేదు.

నా వాదన అంతా ఇక్కడే ఉంది. మన దగ్గర ఎండకు అడ్డు మనుషులు, వేళలు, నీడ. ఇక్కడ అడ్డు ఒక్క యంత్రం. ఫీనిక్స్‌కు మారడమంటే ఆ యంత్రాన్ని నమ్మి పిల్లల్ని వెంటబెట్టుకొని రావడం. మరి ఆఫర్ లెటర్‌లో బోనస్ శాతాన్ని అంతసేపు చదివేవాళ్ళం, అద్దెకు తీసుకునే ఇంటి ఏసీ వయసు ఎందుకు అడగం?

అడగాలి. పదేళ్ళు దాటిన ఏసీ జూలైలో ఆగిపోయిందంటే, అదే వారం ఊళ్ళో మరో వెయ్యి ఆగిపోయి ఉంటాయి, మెకానిక్ దొరకడు. ఫీనిక్స్ నగరంలో ఏసీ ఉన్న అద్దె ఇంటిని 82 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే 28 సెల్సియస్‌కు, మించకుండా చల్లబరిచే బాధ్యత యజమానిదేనని నగర నిబంధన ఉంది. ఇది తెలిసి అడగడం వేరు, తెలియక బతిమాలడం వేరు. 2018 సెప్టెంబరులో ఫీనిక్స్ శివారులో ఒక 72 ఏళ్ళ ఆవిడ ఇంటికి 51 డాలర్ల బాకీ మీద కరెంటు తీసేశారు, ఆమె ఆ వేడికి చనిపోయింది. ఆ గొడవ తర్వాతే వేసవి నెలల్లో బిల్లు కట్టలేదని కరెంటు తీయకూడదన్న నియమం వచ్చింది.

కరెంటు బిల్లుకూ ఓ పద్ధతి ఉంది. చాలా ప్లానుల్లో సాయంత్రం యూనిట్ ధర ఎక్కువ, ఒక ప్లానులో నాలుగు నుంచి ఏడు దాకా. అంటే వంట చేసుకునే వేళ. ఇక్కడి తెలుగిళ్ళలో మూడున్నరకే కుక్కర్ విజిల్ వినిపిస్తుంది. మూడింటి దాకా ఇంటిని బాగా చల్లబరిచి, నాలుగింటికి థర్మోస్టాట్ పైకి జరిపి, ఏడు దాకా కర్టెన్లు మూసుకొని కూర్చుంటాం. ఆ మూడు గంటలు మజ్జిగతో గడిపేది మాత్రం అచ్చం అనంతపురమే.

ఇల్లు కొనేవాళ్ళతో నాకు ఇంకో పేచీ ఉంది. తూర్పు ముఖం ఇల్లంటే మనవాళ్ళు పడిచస్తారు, రెండు మూడు వేలు ఎక్కువ పెట్టడానికైనా సిద్ధం. ఇక్కడి శివారు కాలనీల్లో ఇంటి ముందువైపు గ్యారేజీ, వెనకవైపు పెద్ద అద్దాల తలుపులు, వరండా. ముఖం తూర్పంటే ఆ అద్దాలన్నీ పడమరకు. మధ్యాహ్నం రెండు నుంచి ఏడున్నర దాకా సూర్యుడు నేరుగా హాల్లోకి వచ్చి కూర్చుంటాడు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు ఉత్తర-దక్షిణాల ఇల్లు వెతుక్కుంటారు. వాస్తు పుట్టిన నేలకు తూర్పు మంచిదే కావచ్చు, దాని మీద నాకు తగువు లేదు. ఈ నేలలో గాలీ వెలుతురూ వేరే దిక్కు చెబుతున్నాయి. మా కాలనీలో తూర్పు ముఖం ఇళ్ళవాళ్ళు వెనక వరండాకు తెరలు కట్టుకొని నవంబరు దాకా వాటిని పైకి లేపరు.

అసలీ చిప్పుల పరిశ్రమ ఎడారిలో ఎందుకుంది అని మా తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. ఇప్పుడొచ్చింది కాదు ఇది. మోటరోలా 1949లోనే ఫీనిక్స్‌లో పరిశోధనశాల పెట్టింది, తర్వాత ఇంటెల్ చాండ్లర్‌కు వచ్చింది, 2020లో తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ ఉత్తర ఫీనిక్స్‌లో కడతామని ప్రకటించింది. 2025 నాటికి వాళ్ళు చెప్పిన పెట్టుబడి 165 బిలియన్ డాలర్లు. భూకంపాలు, తుపాన్లు దాదాపు లేని నేల. వెంట్రుకలో వెయ్యో వంతు తేడా వచ్చినా పాడైపోయే పనికి కదలని నేల కావాలి. చౌక స్థలం, సరిపడా కరెంటు. ఆ కరెంటులో పెద్ద వాటా ఇచ్చే పాలోవెర్డె అణు కేంద్రం సంగతి నాకెప్పుడూ ఆశ్చర్యమే. నది పక్కనా సముద్రం పక్కనా లేదు. ఫీనిక్స్ ప్రాంతపు మురుగునీటిని శుద్ధి చేసి, ఆ నీటితోనే రియాక్టర్లను చల్లబరుస్తారు.

నీళ్ళ దగ్గర మాత్రం అనంతపురం మనిషిగా నాకు వేరే అభిప్రాయం ఉంది. కొత్తగా వచ్చేవాళ్ళు "కొలరాడో నది ఎండిపోతే మన కుళాయి ఏమవుతుంది" అని భయపడతారు. ఫీనిక్స్‌లో ఏడాది వాన ఏడంగుళాలు, సుమారు 180 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో 550 దాకా పడుతుంది, దాన్నే మనం కరువు సీమ అంటాం. ఇంత తక్కువ వానలో యాభై లక్షలమంది బతుకుతున్నారంటే నీళ్ళు ఎక్కడినుంచో రావాలి. సాల్ట్ నది మీద 1911లో కట్టిన రూజ్‌వెల్ట్ డ్యాం ఉంది. హావసు సరస్సు నుంచి కొలరాడో నీళ్ళు తెచ్చే కాలువ ఉంది, సెంట్రల్ అరిజోనా ప్రాజెక్టు, 540 కిలోమీటర్ల పొడవు. హంద్రీ-నీవాలో కృష్ణ నీళ్ళను పంపులతో మెట్టుమెట్టుగా పైకెత్తి మన జిల్లాకు తెచ్చినట్టే దీన్నీ ఎత్తుకుంటూ తెస్తారు. వీటన్నిటికంటే ముందు, హొహొకం అనే ఆదివాసులు ఈ లోయలో చేత్తో తవ్విన కాలువలున్నాయి. ఇప్పటి కాలువలు కొన్ని ఆ జాడల వెంటే నడుస్తాయి.

కొలరాడోలో నీళ్ళు తగ్గినప్పుడు ఏమైంది? 2021 ఆగస్టులో అమెరికా కేంద్ర ప్రభుత్వం మొదటిసారి కొరత ప్రకటించింది. 2022లో అరిజోనా తన కొలరాడో వాటాలో ఐదో వంతుకు దగ్గరగా వదులుకుంది. ఫీనిక్స్‌లో ఎవరి కుళాయీ ఆగలేదు. ఆగింది పక్కనే ఉన్న పినాల్ కౌంటీ రైతుల కాలువ. పత్తి, గడ్డి వేసే పొలాలు బీడు పెట్టారు, మళ్ళీ బోర్ల మీద పడ్డారు. వెయ్యి అడుగులు వేసి దుమ్ము చూసిన ఊళ్ళనుంచి వచ్చిన మనకు ఆ కథ ఎలా నడుస్తుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి ఉద్యోగస్తుడి కుళాయి గురించి నాకు భయం లేదు. రాష్ట్రంలో నీటి వాడకంలో సుమారు 70 శాతం సేద్యానిదే, కోత ముందు వాళ్ళకే పడుతుంది. భయపడటం మానేసి, ఆ కుళాయిలో ఎవరి నీళ్ళు వస్తున్నాయో తెలుసుకొని ఉండటం మన మర్యాద. ఇంటి ముందు పచ్చిక పెంచాలన్న సరదా న్యూజెర్సీలోనే వదిలి రావాలి. 2023 జూన్‌లో గవర్నరు కేటీ హాబ్స్, భూగర్భజలం ఒక్కటే ఆధారంగా కొత్త లేఔట్లకు ఫీనిక్స్ ప్రాంతంలో అనుమతి ఆపారు. వందేళ్ళకు నీళ్ళున్నట్టు చూపించకపోతే లేఔటు లేదు. ఈ నియమం మన దగ్గర ఉంటే హైదరాబాద్ చుట్టూ సగం వెంచర్లు లేచేవి కావు.

మిగతావి వేగంగా చెబుతాను. జూన్ 15 నుంచి సెప్టెంబరు చివరి దాకా ఇక్కడా మాన్‌సూనే, అదే పేరు. వానకంటే ముందు దుమ్ము వస్తుంది. 2011 జూలై 5న వచ్చిన దుమ్ముగోడ మైలు ఎత్తున లేచింది. హైవే మీద చిక్కుకుంటే రోడ్డు దిగి బండి ఆపి, లైట్లన్నీ ఆర్పి, బ్రేకు మీంచి కాలు తీసెయ్యాలి. లైట్లు వేసి ఉంచితే వెనకవాడు అదే దారి అనుకొని వచ్చి గుద్దుతాడు. ఆ దుమ్ములోనే ఒక బూజు ఉంటుంది, దానితో వ్యాలీ ఫీవర్ వస్తుంది. అమెరికా కేసుల్లో అత్యధికం అరిజోనావే. వారాల తరబడి దగ్గు, నీరసం తగ్గకపోతే ఆ పరీక్ష రాయమని డాక్టరును మీరే అడగండి. డాలస్ నుంచి నేను తెచ్చుకోలేకపోయింది ఒకటుంది, కుండీలో కరివేపాకు చెట్టు. అది నిమ్మ కుటుంబపు చెట్టు, నిమ్మ తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని మీదా బతుకుతుంది. టెక్సాస్ నుంచి దాటనివ్వరు. ఎదురింటావిడకు ఇచ్చి వచ్చాను, ఇప్పుడది నా కంటే పొడుగైందట.

వీసా మీద ఉన్నవాళ్ళకు ఇంకో మాట. చిప్పుల పరిశ్రమ ఎప్పుడూ ఎత్తుపల్లాలే. 2025లో కూడా చాండ్లర్‌లో వందలమందికి ఉద్యోగాలు పోయాయి. హెచ్-1బీ మీద ఉంటే, ఉద్యోగం పోయాక ఇంకొకటి వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. ఆ 60 రోజులు జూలై, ఆగస్టుల్లో పడితే, ఇల్లు ఖాళీ చేసి సామాను ట్రక్కుకెక్కించడం కూడా ఎండతో యుద్ధమే. ఇదే పరిశ్రమలో ఊళ్ళో మరో కంపెనీ ఉండటం మేలే, కానీ తీసేసేటప్పుడు అందరూ ఒకేసారి తీసేస్తారు.

ఇన్ని చెప్పాక నేనెందుకు ఉన్నానంటారు. అక్టోబరు మూడో వారంలో ఒక సాయంత్రం బయటికొస్తే తెలుస్తుంది. అప్పటినుంచి ఏప్రిల్ దాకా అమెరికాలో ఇంత మంచి ఊరు నేను చూడలేదు. సంక్రాంతి ముగ్గు నిజంగా వాకిట్లోనే వేసుకుంటాం, పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు, వీధి పక్క నారింజ చెట్లు కాయలతో వంగి ఉంటాయి. అందరూ అమ్మానాన్నలను ఎండాకాలంలో రప్పించుకుంటే మేం అక్టోబరులో రప్పించుకొని మార్చిలో పంపుతాం. వాళ్ళకు ఫోను చెయ్యడమూ తేలిక. అరిజోనాలో గడియారం ముందుకూ వెనక్కూ జరపరు కాబట్టి ఏడాది పొడుగునా తేడా పన్నెండున్నర గంటలే. ఇక్కడ పొద్దున ఎనిమిదైతే అక్కడ రాత్రి ఎనిమిదిన్నర.

కంపెనీలు ఇంటర్వ్యూకు పిలిచేదీ ఈ నెలల్లోనే. మా తమ్ముణ్ణి ఫిబ్రవరిలో పిలిచారు, 22 సెల్సియస్ ఎండలో కొండలు చూపించారు. నా సలహా ఒకటే: సంతకం పెట్టేముందు సొంత ఖర్చుతోనైనా జూలైలో రెండు రోజులు వచ్చి ఉండు. సాయంత్రం ఐదింటికి ఆఫీసు పార్కింగ్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు నడువు. ఆ తర్వాత కూడా రావాలనిపిస్తే చేరే తేదీ అక్టోబరుకు అడుగు. వాళ్ళు ఆగస్టు మధ్యలో చేరమంటున్నారు, కంపెనీకి ఎప్పుడూ తొందరే. రీలొకేషన్ డబ్బు గురించి బేరమాడేవాళ్ళు తేదీ గురించి ఆడరు, నాకైతే డబ్బు కంటే తేదీయే విలువైనది. బడికెళ్ళే పిల్లలున్నవాళ్ళకు ఇది కుదరదు, జూలైలో తరగతులు మొదలైపోతాయి, వాళ్ళు మేలోనే వచ్చి వేసవికి తలవంచాల్సిందే. వీడి కూతురికి మూడేళ్ళు, కాబట్టి అడగొచ్చు. అడుగుతానన్నాడు, అదే ఊపులో "నువ్వు మరీ భయపెడుతున్నావక్కా" అనీ అన్నాడు.

రెండు రోజుల తర్వాత మా మరదలు విడిగా ఫోన్ చేసింది. జీతం, గుడి, బడి, ఏవీ అడగలేదు. ఆదివారం రాత్రి ఏసీ ఆగిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి వదినా, అంది. ఇద్దరు మెకానిక్‌ల నంబర్లు పంపాను.